పిల్లల నాలుగుచక్రముల బండికి పెద్ద ఇంజను

గత వేసవి సెలవులలో మా పాఠశాల పూర్వ విద్యార్థి యొకరు మమ్ము చూడవచ్చిరి. ఆయన అమెరికాలో టెక్సాస్ రాష్ట్రమున నుద్యోగము చేయుచున్నారు. కుశలప్రశ్న లైన పిమ్మట తన కుమారుని మాట యెత్తిరి. ఆ బాలునికి పదమూడేండ్లు. వానికి పదియవ యేట తండ్రి యొక చిన్న నాలుగుచక్రముల బండిని కొనియిచ్చెను. ఇసుకలోను, గడ్డినేలలోను, మిట్టపల్లములలోను తిరుగుటకై లావు చక్రములతో చేయబడిన యీ బండిని అచ్చట క్వాడ్ బైకు అందురు. అది యిప్పుడు మిట్ట యెక్కలేకున్నదట. తోడి పిల్లలు వానిని దాటి పోవుచున్నారట.

"అయ్యగారూ, దానిలో నున్నది 110 ఇంజను. 140 ఇంజను కూడ ఆ చట్రములోనే యమరునని చెప్పుచున్నారు. ఒక దినములో పని యైపోవునట. పెట్టవచ్చునా? మాకు భౌతికశాస్త్రము చెప్పినవారు మీరే. మీ మాట విని చేసెదను" అని ఆయన యడిగిరి.

ప్రశ్న చిన్నది. కాని దానిని విప్పిచూచిన కొలదియు మేము తరగతిలో చెప్పుచుండు పాఠములలో సగ మందులోనే యున్నట్లు తోచినది. వృత్తవైశాల్యము, పండ్లచక్రముల నిష్పత్తి, గతిశక్తి, గరిమనాభి మొదలగు వాని నన్నిటిని ఆ బండి యొక్కటే బోధింపగలదు. మఱియు నొక బాలుని ప్రాణ మా లెక్కలపై నాధారపడియున్నది. కావున ఆయనకు చెప్పిన సమాధానమునే కొంచెము విరివిగా నిచ్చట వ్రాయుచున్నాము.

బండి యొక్క పూర్వచరిత్ర

జపాను దేశపు హోండా కంపెనీవారు 1970వ సంవత్సరమున మూడు లావు చక్రములుగల యొక బండిని అమెరికాలో నమ్మకమునకు పెట్టిరి. తరువాత సుజుకీ కంపెనీవారు 1982లో నాలుగు చక్రముల బండిని తెచ్చిరి. దాని ఇంజను 125 తరగతికి చెందినది. అనతికాలముననే పిల్లల కొఱకు 50 తరగతి ఇంజనుగల చిన్న బండ్లును బయలుదేరెను. పొలముపనులకు, వేటకు, వినోదమునకు జనులు వీనిని విరివిగా కొనిరి. దానితోపాటు ప్రమాదములును పెరిగెను. ముఖ్యముగా మూడుచక్రముల బండి మలుపులో నిలువక బోర్లపడుచుండెను.

ఇందుచేత 1988లో అమెరికా ప్రభుత్వమునకును, బండ్లు చేయు కంపెనీలకును న్యాయస్థానము ద్వారా నొక యొడంబడిక జరిగెను. దాని ప్రకారము క్రొత్త మూడుచక్రముల బండ్ల యమ్మకము నిలిచిపోయెను. పండ్రెండేండ్లలోపు పిల్లలకు 70 ఘన సెంటీమీటర్లకు మించిన ఇంజనుగాని, పదునాఱేండ్లలోపువారికి 90కి మించిన ఇంజనుగాని తగదని కంపెనీలవారు కొనువారికి చెప్పవలసి వచ్చెను.

ఇరువదియేండ్ల పిమ్మట నీ కొలత మారెను. 2008లో చేయబడిన చట్టము ననుసరించి, 2009 నుండి పిల్లల బండ్లను ఇంజను పరిమాణమునుబట్టి గాక వేగమునుబట్టి విభజించుచున్నారు. ఆఱేండ్లు నిండినవారి బండి గంటకు 24 కిలోమీటర్లను మించి పోరాదు. పది, పండ్రెండేండ్ల తరగతుల బండ్లు 48 కిలోమీటర్లను మించరాదు. పదునాలుగేండ్లు నిండి, పెద్దల పర్యవేక్షణలో నడపువారి బండి 61 కిలోమీటర్లను మించరాదు. అంతేగాక, నేర్చుకొను దినములలో వేగమును ఇంకను తగ్గించియుంచుటకు ప్రతి బండికిని ఒక కట్టుబాటు మర యుండవలెను. ఆఱేండ్ల పిల్లవాని బండి అంగడినుండి వచ్చునప్పుడు 16 కిలోమీటర్లకే కట్టుబడి యుండును.

ఈ మార్పులో నొక వివేకము గలదు. ప్రమాదము ఇంజను పెద్దదగుటచేత మాత్రమే కలుగదు. బండి యెంత వేగముగా పోవును, ఎంత దూరములో నాగును, ఎట్లు తిరుగును అనునవే ముఖ్యములు. ఈ మాటను చదువరులు మనస్సునం దుంచుకొనవలెను. అమెరికా దేశపు శిశువైద్యుల సంఘమువారు మాత్ర మింతటితో తృప్తిపడక, పదునాఱేండ్లలోపువా రెవ్వరును ఈ బండ్ల నడపనే కూడదని చెప్పుచున్నారు. ఆ మాటయు తలిదండ్రులు మఱువరాదు.

110 అన నేమి? 140 అన నేమి?

ఇంజనులో సిలిండరు అను గొట్టమును, దానిలో క్రిందికి మీదికి నాడు పిస్టను అను ముద్దయు నుండును. పిస్టను ఒక కొననుండి రెండవ కొనకు జరిగినప్పుడు ఎంత చోటును ఖాళీచేయునో, అదియే ఇంజను పరిమాణము. గొట్టము వ్యాసమును, పిస్టను జరుగు దూరమును తెలిసినచో మూడవ ఫారము బాలుడైనను దీనిని లెక్కకట్టగలడు.

110 అని పిలువబడు సామాన్యపు ఇంజనుకు వ్యాసము 52.4 మిల్లీమీటర్లు, జరుగు దూరము 49.5 మిల్లీమీటర్లు. అర్ధవ్యాసము 2.62 సెంటీమీటర్లు. దాని వర్గమును 3.1416 చేత గుణించి, మరల 4.95 చేత గుణించినచో సుమారు 107 ఘన సెంటీమీటర్లు వచ్చును. అనగా 110 అనునది అంగడిపేరే గాని సరియైన కొలత కాదు. 125 ఇంజనుకు వ్యాసమును దూరమును రెండును 54 మిల్లీమీటర్లే. లెక్క 124 వచ్చును. 140 ఇంజనుకు వ్యాసము 56, దూరము 57. లెక్క 140 వచ్చును. కాబట్టి 110 తీసి 125 పెట్టినచో పెరుగునది సుమారు ఆఱవవంతు. 140 పెట్టినచో పెరుగునది సుమారు మూడవవంతు.

ప్రతి పర్యాయమును ఎక్కువ గాలియు పెట్రోలును లోనికి పోవును గనుక ఎక్కువ బలము పుట్టును. ఇంతవఱకు సందేహము లేదు. కాని "బలము పెరిగెను గనుక వేగమును పెరుగును" అనుకొనుట పొరపాటు. వేగము రెండు విషయములపై నాధారపడును. మొదటిది, ఇంజను నిమిషమునకు ఎన్ని చుట్లు తిరుగుచున్నది? రెండవది, ఇంజను ఎన్ని చుట్లు తిరిగినప్పుడు చక్ర మొక చుట్టు తిరుగుచున్నది? ఉదాహరణము చూడుడు. ఇంజను నిమిషమునకు 7000 చుట్లు తిరుగుచున్న దనుకొందము. దాని 14 చుట్లకు చక్రము ఒక చుట్టు తిరుగును. అనగా చక్రము నిమిషమునకు 500 చుట్లు. చక్రము వ్యాసము 16 అంగుళములైనచో చుట్టుకొలత సుమారు 1.28 మీటర్లు. బండి నిమిషమునకు 640 మీటర్లు, గంటకు సుమారు 38 కిలోమీటర్లు పోవును. ఈ లెక్కలో ఇంజను పరిమాణ మెచ్చటను రాలేదు గదా! పాత ఇంజను తన పూర్తి చుట్లను అందుకొనుచుండినచో, అదే చుట్లతో అదే పండ్లచక్రములతో పెద్ద ఇంజను తుదివేగమును పెంచదు. ఆ వేగమును త్వరగా నందుకొనును. మిట్టను సులభముగా నెక్కును. తుదివేగము పెరుగవలెనన్నచో పండ్లచక్రములను మార్చవలెను. అపాయము చాలవఱకు ఆ రెండవ పనిలో నున్నది.

చట్రములో నమరునా?

పిల్లల బండ్లలో చాలవానికి వాడబడు ఇంజను పడుకొనినట్లుండును. సిలిండరు నేలకు దాదాపు సమాంతరముగా ముందువైపునకు చాచియుండును. హోండావారు 1958లో తెచ్చిన సూపర్ కబ్ అను మోటారుసైకిలు ఇంజను దీనికి మూలము. ఆ బండ్లు 2017 నాటికి పది కోట్లకు పైగా తయారైనవి. ఇతర దేశములవారు, ముఖ్యముగా చైనావారు, ఆ రూపముననే 50 మొదలు 140 వఱకు అనేక ఇంజనులను చేసిరి. బోల్టులు దూర్చు రంధ్రములు వీనిలో సాధారణముగా నొక్కచోటనే యుండును. "అదే చట్రములో నమరును" అను మాటకు ఇదియే యాధారము. ఆ మాట యబద్ధము కాదు, కాని సగము నిజము.

రంధ్రములు కలిసినంత మాత్రమున పని ముగియదు. పెద్ద ఇంజను తల కొంచెము పొడవుగా నుండి చట్రపు గొట్టమునకు తగులవచ్చును. కరెంటుతో ఇంజనును త్రిప్పు చిన్న మోటారు కొన్ని ఇంజనులకు పైభాగమునను, కొన్నిటికి క్రిందిభాగమునను ఉండును. పొగగొట్టము వంపు సరిపడకపోవచ్చును. మఱియు పిల్లల బండ్ల ఇంజనులకు వెనుకకు నడచు గేరు ఇంజనులోనే యిమిడియుండుట గలదు. 140 ఇంజనులు చాలవఱకు రెండుచక్రముల బండ్ల కొఱకు చేయబడినవి. వానిలో వెనుకకు నడచు గేరుండదు. చేతితో నొక్కు క్లచ్చి యుండును. పాత బండిలో బొటనవ్రేలితో మీట నొక్కుటయే యెఱిగిన బాలుడు క్లచ్చిని, గేర్లను క్రొత్తగా నేర్చుకొనవలసియుండును. ఏటవాలున బండి నిలిచిపోయినప్పుడు వెనుకగేరు లేనిచో దిగి త్రోయవలసివచ్చును. ఏటవాలున దిగి త్రోయుట పిల్లలకు చాల హానికరము.

ఇక 200, 250 తరగతుల నిలువు ఇంజనులను పెట్టువారును గలరు. అందుకు చట్రమును కోసి, క్రొత్త పట్లు అతుకవలెను. కుదుపులకు నెఱ్ఱె విచ్చని యతుకు వేయుట నేర్పరియైన పనివానికే సాధ్యము. పిల్లవాడు కూర్చుండు బండికి అట్టి పని చేయరాదని మా నిశ్చితాభిప్రాయము.

గొలుసును పండ్లచక్రములును

ఇంజను బలమును వెనుక ఇరుసునకు అందించునది గొలుసు. ఈ చిన్న బండ్లకు 420, 428 అను రెండు విధముల గొలుసులు వాడుదురు. రెండింటను ఒక కడ్డీకిని మఱియొక కడ్డీకిని నడుమ దూరము 12.7 మిల్లీమీటర్లే. పైకి చూచిన ఒక్కటిగానే తోచును. కాని 420 గొలుసు లోపలి వెడల్పు 6.35 మిల్లీమీటర్లు, 428ది 7.94 మిల్లీమీటర్లు. ముందు ఒక విధపు పండ్లచక్రమును, వెనుక వేఱొక విధపు చక్రమును ఉంచినచో గొలుసు సరిగా కూర్చుండక పండ్లను తినివేయును, లేదా తప్పిపోవును. కావున మూడును ఒకే విధమైనవిగా నుండవలెను.

రెండు పండ్లచక్రములును ఒకే సరళరేఖలో నుండుటయు నంతే ముఖ్యము. తిన్నని కడ్డీ నొకదానిని వెనుకచక్రపు ప్రక్కకు ఆనించి, అది ముందుచక్రపు ప్రక్కను కూడ సరిగా తాకుచున్నదో లేదో చూడవలెను. రెండు మిల్లీమీటర్లు తప్పినను గొలుసు ఒకవైపు రాచుకొనును. వేగముగా పోవునప్పుడు గొలుసు తెగి వెనుక ఇరుసునకు చుట్టుకొనిన, బండి యాకస్మికముగా బిగిసిపోయి నడపువానిని ముందునకు విసరివేయును. గొలుసుమీది రేకుతొడుగు అడ్డమని తీసి పాఱవేయువారు పిల్లల వ్రేళ్లను, పాదములను తలచుకొనవలెను.

ముందుచక్రమునకు 14 పండ్లుండగా దానిని తీసి 16 పండ్ల చక్రమును వేసినచో, అదే ఇంజను చుట్లకు బండివేగము ఏడవవంతు పెరుగును. 38 కిలోమీటర్ల బండి 43 కిలోమీటర్ల బండి యగును. చిన్న చక్ర మొకటి మార్చుట యెంత సులభమో, చట్టము విధించిన హద్దును దాటుటయు నంత సులభము.

గాలి, పెట్రోలు, నిప్పురవ్వ

పెద్ద ఇంజను ఎక్కువ గాలిని పీల్చును. ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండుటకు తూకమున దాదాపు 14.7 పాళ్లు గాలి కావలెను. పాత కార్బురేటరునే యుంచి గాలి యెక్కువగా పోనిచ్చినచో పెట్రోలు చాలక, ఇంజను మితిమీరి వేడెక్కి, పిస్టను కరగుటయు సంభవించును. పెట్రోలు మిక్కుట మైనచో నల్లని పొగ వచ్చి బలము తగ్గును. స్పార్కుప్లగ్గును విప్పి చూచుట దీనికి మంచి పరీక్ష. దాని కొన లేత గోధుమవర్ణముగ నుండిన మిశ్రమము సరిగా నున్నది. సున్నమువలె తెల్లగా నుండిన పెట్రోలు తక్కువ. మసిపట్టిన పెట్రోలు ఎక్కువ. రోగి నాలుకను చూచి వైద్యుడు జీర్ణస్థితిని ఊహించినట్లే, పనివాడు ప్లగ్గును చూచి ఇంజను స్థితిని గ్రహించును.

నిప్పురవ్వను పుట్టించు పెట్టెయు రెండు విధములు. ఒకటి ఇంజనులోని తీగచుట్టనుండి, రెండవది బ్యాటరీనుండి శక్తిని తీసికొనును. ఒకదాని తీగలను మఱియొకదానికి కలిపిన ఇంజను పలుకదు, పెట్టెయు చెడిపోవచ్చును.

ఇచ్చట నొక హెచ్చరిక చేయవలసియున్నది. పిల్లల బండిలో ఇంజనును వెంటనే ఆర్పుటకు ఎఱ్ఱని మీట యొకటి యుండును. చాలవానిలో బాలుని నడుమునకో, చేతికో తగిలించు త్రాడుండును. బాలుడు పడినచో త్రాడు ఊడి ఇంజను ఆగిపోవును. క్రొత్త ఇంజను తీగలు సరిపడనప్పుడు "ముందు నడువనిమ్ము, తరువాత చూతము" అని యీ రెండింటిని కలుపకయే విడిచిపెట్టుట తఱచు జరుగు తప్పు. ఆ "తరువాత" అనునది సాధారణముగా రాదు. ఆర్పు మీటయు, త్రాడును పనిచేయనిదే ఇంజనును ఒక్కసారియైనను వెలిగింపరాదు. వేగమును కట్టివేయు మర క్రొత్త బండిలోను బిగించియే యుండవలెను.

ఆగుట

వేగము రెండింతలైన గతిశక్తి నాలుగింతలగునని మా విద్యార్థు లందఱును కంఠస్థము చేసియున్నారు. ఆ సూత్రము బండిమీద నెట్టిదో చూతము. గంటకు 24 కిలోమీటర్ల వేగముతో పోవు బండి గోడకు గ్రుద్దుకొనుట సుమారు 2.3 మీటర్ల యెత్తునుండి క్రిందపడుటతో సమానము. 48 కిలోమీటర్లతో గ్రుద్దుకొనుట 9 మీటర్ల యెత్తునుండి, అనగా మూడంతస్తుల మేడమీదినుండి పడుటతో సమానము. వేగము రెండింతలే, పాటు నాలుగింతలు. ఎదుట ప్రమాదమును చూచి బ్రేకు పట్టుటకు ఒక్క సెకండు పట్టిన ననుకొందము. ఆ లోపల మొదటి బండి దాదాపు 7 మీటర్లు, రెండవది 13 మీటర్లు ముందునకు పోయియుండును.

పిల్లల బండి బ్రేకులు ఆ బండి మొదటి వేగమునకు తగినట్లు చేయబడినవి. ముందుచక్రములలో చిన్న డ్రమ్ములును, వెనుక ఇరుసునకు ఒక బిళ్లయు నుండును. వేగమును పెంచి బ్రేకును ముట్టకుండుట, ఇల్లు పెద్దదిచేసి తలుపు చిన్నదిగా నుంచుటవంటిది కాదు. మెట్లు తీసివేసి మేడ కట్టుటవంటిది.

తిరుగుట

ఇది యన్నిటికంటె ముఖ్యమైన విషయము. బండి మలుపు తిరుగునప్పుడు ఏ వేగమున బోర్లపడునో మూడు కొలతలు నిర్ణయించును. అవి యేవనగా, రెండు ప్రక్కల చక్రముల నడిమి వెడల్పు, బాలునితోగూడిన బండి గరిమనాభి యెత్తు, మలుపు వ్యాసార్ధము. వెడల్పు 60 సెంటీమీటర్లు, గరిమనాభి యెత్తు 50 సెంటీమీటర్లు, మలుపు వ్యాసార్ధము 8 మీటర్లు అనుకొందము. వెడల్పులో సగమును ఎత్తుచేత భాగించిన 0.6 వచ్చును. దానిని భూమ్యాకర్షణ త్వరణమగు 9.8తోను, 8తోను గుణించిన 47 వచ్చును. దాని వర్గమూలము సెకండుకు 6.86 మీటర్లు. అనగా గంటకు 25 కిలోమీటర్లకు కొంచెము తక్కువ. చక్రములు జాఱకుండినచో ఆ వేగమున లోపలి చక్రములు నేలను విడుచును.

ఈ లెక్కలోను ఇంజను పరిమాణము లేదు! ఇంజను 50 యైనను 250 యైనను ఆ మలుపులో ఆ బండికి 25 కిలోమీటర్లే హద్దు. పెద్ద ఇంజను చేయున దేమనగా, బాలుడు ఆ హద్దును త్వరగా చేరునట్లు చేయును. హద్దును మాత్రము ఒక్క అంగుళమైనను వెనుకకు జరుపదు. ఆ హద్దును జరుపునది వెడల్పైన చట్రము. అంతేగాక ఈ బండ్లలో వెనుక రెండు చక్రములును సామాన్యముగా ఒకే ఇరుసునకు బిగింపబడియుండును. కారులోవలె ఒక చక్రము ఎక్కువ, ఒకటి తక్కువ తిరుగుటకు వీలులేదు. కావున నడపువాడు తన శరీరమును మలుపు లోపలివైపునకు వంచి బండిని త్రిప్పవలెను. చిన్నవాని బరువు అందుకు చాలదు. పెద్దవాడైనచో మోకాళ్లు హ్యాండిలుకు తగిలి కదలలేడు. కావుననే బండి బాలుని శరీరమునకు సరిపోవుట ఇంజనుకంటె ముఖ్యము.

మన దేశమున

మన దేశములో ఇట్టి బండ్లు విహారస్థలములలోను, సముద్రతీరములలోను కనబడుచున్నవి. కాని ఇంజను మార్పను కోరిక మన యూళ్లలో మోటారుసైకిళ్ల రూపమున నున్నది. అందుచేత తలిదండ్రులకు రెండు మాటలు చెప్పవలెను. 1988 నాటి మోటారువాహనముల చట్టము ప్రకారము, రిజిస్ట్రేషను పత్రములో నున్న వివరములకు భిన్నముగా బండిని మార్చుకొనరాదు. పదునెనిమిదేండ్లు నిండనివారు రహదారిమీద మోటారుబండి నడపరాదు. 50 ఘన సెంటీమీటర్లకు మించని ఇంజనుగల మోటారుసైకిలును మాత్రము పదునాఱేండ్లు నిండినవారు లైసెన్సుతో నడపవచ్చును. 2019లో చేసిన సవరణచొప్పున, బాలుడు నేరము చేసినచో తండ్రికి, లేక బండి యజమానికి మూడేండ్లవఱకు కారాగారమును, 25,000 రూపాయల జుల్మానాయు విధింపవచ్చును.

యంత్రములయందు ఆసక్తిగల బాలు రిందుకు నిరుత్సాహపడ నక్కఱలేదు. ఇంజనీరింగు కళాశాలల విద్యార్థులకు బాహా అను పోటీ యొకటి గలదు. అది 1976లో అమెరికాలో ఆరంభమైనది. మన దేశముననుగూడ జరుగుచున్నది. మన తెలుగు విద్యార్థులును పాల్గొనుచున్నారు. మిట్టపల్లములలో పోవు ఒంటిమనిషి బండిని వారే రూపొందించి కట్టవలెను. ఆ పోటీ పెట్రోలు బండ్లలోని విశేష మేమనగా, చాలకాలముగా అందఱికిని ఒకే విధమైన ఇంజను నిర్ణయింపబడినది. ఇంజను బలమును పెంచుటకు వీలులేదు. చట్రము, స్ప్రింగులు, బ్రేకులు, పండ్లచక్రములు వీనిలో నెవరు తెలివి చూపుదురో వారే గెలుతురు. ఇంజను పెంచుటయే నైపుణ్యమనుకొను మన బాలు రీ సంగతిని ఆలోచింపవలెను.

మేము చెప్పిన సలహా

ఇన్నియు విచారించి మా పూర్వవిద్యార్థితో నిట్లు చెప్పితిమి. "నాయనా, మిట్ట యెక్కలేకపోవుట బండి చిన్నదగుటచేతనో, ఇంజను జబ్బుచేతనో ముందు తెలిసికొనుము. మూడేండ్ల క్రిందట ఎక్కిన మిట్టను ఇప్పు డెక్కలేకున్నచో, ఏదో చెడినదన్నమాట. ఇంజను చల్లగా నున్నప్పుడు వాల్వుల సందు కొలువుము. ఈ ఇంజనులకు సామాన్యముగా 0.05 మిల్లీమీటరు సం దుండవలెను. కార్బురేటరును విప్పి కడుగుము. గాలివడపోతను చూడుము. చక్రముల నెత్తి చేతితో త్రిప్పి, బ్రేకులు పట్టియున్నవేమో చూడుము. ఈ పనులన్నియు కుమారునిచేతనే చేయింపుము. తరువాత వానిని బండిమీద కూర్చుండబెట్టి హ్యాండిలును పూర్తిగా త్రిప్పుమనుము. మోకాలు తగిలినచో బండికాలము తీరినది. అప్పుడు వానికి కావలసినది పెద్ద ఇంజను కాదు, వాని వయస్సునకు తగిన పెద్ద చట్రము."

ఆగస్టు నెలలో ఆయనయొద్దనుండి యుత్తరము వచ్చినది. వాల్వులలో నొకదానికి సందే లేకుండెనట. అందుచేత అది పూర్తిగా మూసికొనక, బలము బయటికి పోవుచుండెను. కార్బురేటరులోని సన్నని రంధ్రము సగము పూడియుండెను. వెనుక బ్రేకు ఒకటి పట్టియేయుండెను. ఈ మూడింటిని తండ్రియు కొడుకును రెండు శనివారములలో సరిచేసిరి. బండి మిట్ట నెక్కినది. బాలుడు తన చేతితో కొలిచి తన పెరటిలోని మలుపునకు హద్దువేగమును కట్టి, ఒక చెక్కపై వ్రాసి అచ్చట పాతెనట. మోకాలు మాత్రము హ్యాండిలుకు తగులుచున్నదనియు, కావున వచ్చు సంవత్సరమున నీ బండిని తగిన చిన్నవానికి అమ్మివేయుదుమనియు ఆయన వ్రాసిరి. 140 ఇంజను కొనలేదు.

గోపురము కట్టదలచినవాడు ముందు కూర్చుండి వ్యయమును లెక్కచూచుకొనవలెనని ప్రభువు చెప్పిన యుపమానమును మన విద్యార్థులందఱు నెఱుగుదురు. క్రొత్త ద్రాక్షారసమును పాత తిత్తులలో పోయుటను గూర్చిన మాటయు నెఱుగుదురు. ఆ మాటలు యంత్రములను గూర్చి చెప్పబడినవి కావు. అయినను ఒక అవయవముయొక్క బలమును పెంచగోరువాడు, ఆ బలమును భరింపవలసిన తక్కిన యవయవములన్నిటిని ముందు చూడవలెనను నీతి బండికిని, మనుష్యునికిని సమానమే. బాలురారా! మీ చేతికి పానా వచ్చిన దినమున బోల్టు విప్పుటకు ముందు కాగితము తీసి లెక్క వేయుడు. తలిదండ్రులారా! మీ బిడ్డ "ఇంకను వేగము" అని యడిగినప్పుడు, ఆగుటయు తిరుగుటయు వానికి వచ్చునో రాదో మొదట నడుగుడు.